నవ్వు నొక్కితే ఊరుకునే పలక

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. నా మనిషి ఎక్కడో ఒక గదిలో జ్వరంతో ఒళ్లు కాలిపోతూ పడి ఉంటే, నా చేతిలో ఒక పసుపు మొహం పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతూ ఉండటం. దొంగలంటే భయం లేదు, చీకటంటే లేదు, మా అత్తయ్యంటే కొంచెం ఉంది గానీ అది వేరే సంగతి. ఇది మాత్రం పొద్దున లేవగానే కడుపులో తిప్పుతుంది. భయమా, అసహ్యమా అని అడిగితే రెండూ ఒకే చోట తిప్పుతాయి. విడదీసి చెప్పడం నాకు చేతకాదు.

ఆ మొహం నా బతుకులోకి ఎలా వచ్చిందో చెబుతాను.

నేను ఆసుపత్రులకి దిండు గలీబులు కుట్టే షెడ్డులో పనిచేసేదాన్ని. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మాన్పించారు. ఆ తర్వాత నాకు వచ్చిన చదువల్లా కుట్టు మెషీనే. రోజంతా తెల్ల గుడ్డ అంచులు మడిచి సూది కింద పరిగెత్తించడం, నూలు దుమ్ము మింగడం, గుర్తొస్తే నీళ్లు తాగడం. షెడ్డు వెనకే పిల్లల గది ఉండేది. తల్లులు పిల్లల్ని అక్కడ వదిలి మెషీను ముందు కూర్చోవచ్చు. అది ఉందనే ఆ పనిలో చేరాను.

నా కూతుర్ని అందరూ బుంగ అంటారు. పుట్టడమే మూతి ముడుచుకుని పుట్టింది. కొత్తవాళ్లు ఎత్తుకుంటే బుంగమూతి, పాలు ఆలస్యమైతే బుంగమూతి, ముద్దు పెట్టుకున్నా బుంగమూతే. లారీ తోలే మా ఆయన ఇల్లు చేరిన రోజున తప్ప అది నవ్వగా చూసినవాళ్లు తక్కువ. దానికి ఇంకో ఇబ్బంది ఉంది. జ్వరం తగిలితే ఫిట్స్ వస్తాయి. మొదటిసారి నా ఒళ్లోనే కళ్లు పైకి తిప్పేసి కర్రలా బిగుసుకుపోయింది. డాక్టరమ్మ అంది: "భయపడకండి. పెద్దయ్యేకొద్దీ అవే పోతాయి. కానీ ఒళ్లు వెచ్చబడిందనగానే మందు వెయ్యండి, తడిగుడ్డతో తుడవండి. ఆలస్యం మాత్రం చెయ్యొద్దు." భయపడకండి అనడానికి ఏముంది, నోరుంటే చాలు. పిల్లల గదిలో మందులు ఉంచకూడదని రూలు. తల్లే వచ్చి వెయ్యాలి. అందుకని ఆ మందు సీసా ఎప్పుడూ నా సంచిలోనే ఉండేది. కుడుతూ కుడుతూ కాలితో సంచిని తడిమి చూసుకునేదాన్ని, ఉందా లేదా అని.

పిల్లల గది ఆయమ్మ చేతిలో ఉండేది. ఆమెని చూస్తే ఎవరికీ వాళ్ల అమ్మమ్మ గుర్తుకు రాదు. విసుగెక్కువ, పొడుం అలవాటు, ఏ పిల్లని ఏ పేరుతో పిలుస్తుందో ఆమెకే తెలీదు. నా కూతుర్ని "ఒసేయ్ ముడుచుకున్నదానా" అనేది. తనకంటూ ఎవరూ లేరు. ఒకత్తే ఉండేది, ఒకత్తే వండుకునేది, పొద్దున్నే వచ్చి సాయంత్రం దాకా మా పిల్లల్ని తిడుతూ మోసేది.

షెడ్డుకీ ఆ గదికీ మధ్య గోడలో ఊచల కిటికీ ఒకటి ఉండేది. ఏ పిల్లకైనా బాగోకపోతే ఆయమ్మ గరిటె తీసి ఆ ఊచల మీద టంగుటంగుమని కొట్టి, పిల్లని ఎత్తి చూపించేది. మెషీన్ల హోరులో అరుపు వినపడదు. గరిటె మోత మాత్రం ఎముకల్లోకి దిగేది. తలలన్నీ ఒక్కసారి లేచేవి. ఎవరి పిల్లయితే ఆవిడ లేచి వెళ్లేది, మిగతావాళ్లు మళ్లీ తలలు దించేవాళ్లు. పని అంతటితో సరి.

ఒక సోమవారం వచ్చేసరికి ఆ కిటికీకి ప్లైవుడ్ కొట్టేసి ఉంది. సరుకు కొనేవాళ్లు చూడటానికి వస్తే కిటికీలోంచి ముక్కు కారే పిల్లలు కనిపించడం బాగోదట. దానికి బదులు ఎదుటి గోడకి మంచమంత టీవీ బిగించారు. మేనేజరు మమ్మల్నందర్నీ నిలబెట్టి చెప్పాడు: "ఇక మీకు దిగులు లేదమ్మా. మీ పిల్లలు ఎలా ఉన్నారో క్షణక్షణం మీ కళ్లముందే. హాయిగా కుట్టుకోండి."

టీవీ వెలిగింది. గడులు గడులుగా మా పిల్లల ఫోటోలు. ఒక్కో ఫోటో పక్కన ఒక్కో పసుపు మొహం. అన్నీ నవ్వుతున్నాయి. అదేం పసుపో చెప్పలేను. పసిపిల్లలు విరిగిన పాలు కక్కితే బట్టమీద ఎండిపోయిన రంగు ఉంటుందే, అది.

నా పక్క మెషీను బాబిన్ అక్కది. మెషీనుకి దారం బాబిన్లు ఆమెలా చుట్టేవాళ్లు లేరని ఆ పేరు. ఆమె కొడుకు ఏడుపు సాగదీస్తాడని వాడికి సన్నాయి అని పేరు పెట్టాం. ఆమె నన్ను మోచేత్తో పొడిచింది.

"ఏమే, మీ బుంగ నవ్వుతోందే!"

"అది నా కూతురు కాదక్కా."

"ఫోటో దానిదేగా?"

"ఫోటో దానిదే. నవ్వు దానిది కాదు."

"పోనీలే, మావాడు కూడా ఏడుపు ఆపి నవ్వుతున్నాడు. వాడు పుట్టాక ఇదే మొదటిసారి. ఫోటో తీయించుకుంటా."

పాలవేళకి గదిలోకి వెళ్తే తెలిసింది ఆ మొహాలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో. ఆయమ్మ చేతికి ఒక టాబ్లెట్ ఇచ్చారు. మేం దాన్ని పలక అనేవాళ్లం. గంటకోసారి అది ఐస్ బండి పాట లాంటిది పాడుతుంది. ఒక్కో పిల్ల ఫోటో చూపించి "బేబీ మూడ్ ఎలా ఉంది?" అని అడుగుతుంది. కింద నవ్వు మొహం, ఊరికే ఉన్న మొహం, ఏడుపు మొహం. ఏదో ఒకటి నొక్కాలి. నొక్కకపోతే పాట కాస్తా కీచుమని అరుపవుతుంది, ఆయమ్మ పని చెయ్యట్లేదని సూపర్‌వైజరు ఫోనుకి కబురు పోతుంది.

నవ్వు నొక్కితే ఒక్క నొక్కుతో వదిలేస్తుంది. ఏడుపు నొక్కామా, ఇక చచ్చామన్నమాటే. ఎప్పటినుంచి? ఎందువల్ల? తిన్నదా? ఎంత తిన్నది? ఒంటి వేడి ఎంత? అంకె వెయ్యండి. ఫోటో తియ్యండి. మసగ్గా ఉంది, మళ్లీ తియ్యండి. అన్నీ నింపితేగానీ గోడ మీద మొహం మారి ఆ పిల్ల గడి ఎర్రబడదు. ఈలోగా పిల్ల కక్కిందని పలక పక్కన పెడితే అది నిద్రపోతుంది. లేపితే మళ్లీ మొదటి ప్రశ్నకి వస్తుంది.

నాకు ఒళ్లు మండింది. బాగున్న పిల్లకి ఒక్క నొక్కు, బాగోలేని పిల్లకి ఇన్ని నొక్కులు. ఆయమ్మ చేతులు ఖాళీగా ఉన్నప్పుడు ఏమీ అడగదు. చేతుల నిండా పిల్ల ఉన్నప్పుడు కూర్చోబెట్టి పరీక్ష పెడుతుంది. దీన్ని చేసినవాళ్లు ఎవరో గానీ, కక్కుకుంటున్న పిల్లని ఒక్కసారైనా ఎత్తుకున్న చెయ్యి కాదు అది.

ఆయమ్మ మాత్రం దానికో దారి కనిపెట్టేసింది. పాట మొదలవగానే చంకలో ఉన్న పిల్లని దించకుండానే బొటనవేలితో నవ్వు, నవ్వు, నవ్వు అని టకటకా నొక్కేసి పలకని మూలకి తోసింది.

"చూడకుండానే నొక్కేస్తున్నావేంటి ఆయమ్మా?"

"ఇంతమంది పిల్లల్లో అందరికంటే గయ్యాళిది ఇదేనే. ముందు దీని నోరు మూయించాలి, ఆ తర్వాతే మీ పిల్లల్ని చూసేది. నోట్లో పాలపీక పెట్టినట్టు ఓ నవ్వు పడేస్తే ఊరుకుంటుంది."

"మరి నిజంగా ఎవరికైనా బాగోకపోతే?"

"గరిటె ఉందిగా."

"కిటికీ లేదుగా."

ఆయమ్మ ప్లైవుడ్ వైపు చూసింది. పొడుం పీల్చింది. "ఆఁ," అంది. "కిటికీ లేదు కదూ."

ఆ పలక నేలమీద పడి ఉంది. పాల మరకలు, చీమిడి చారలు, ఎవరో నాకిన తడి. వాటన్నిటి వెనకనుంచి ఆ మొహం నవ్వుతూనే ఉంది. దాన్ని తుడవాలన్నా నా చెయ్యి ముందుకు రాలేదు.

షెడ్డులో ఎవరికీ ఇదంతా పట్టలేదు. గోడమీద ఒక్క గడి ఎర్రబడినా తల్లులందరూ పని ఆపేస్తారని సూపర్‌వైజరు భయం. ఆయన ఎప్పుడూ మణికట్టు చూసుకుంటూ తిరుగుతాడు కాబట్టి ఆయన పేరు గడియారం. "చూశారా, వారమంతా ఒక్క ఏడుపు లేదు" అని ఆయన మేనేజరుకి చెబుతుంటే విన్నాను. వారమంతా ఏడవని పిల్లల గది! ఆ మాట విని ఏ తల్లికైనా గుండె ఆగాలి. ఆయన మొహం మాత్రం ఆ పలక మొహంలాగే వెలిగిపోయింది.

పిల్లల గదికి వెళ్లే తలుపుకి కూడా తాళం మార్చారు. మెళ్లో వేసుకునే కార్డు చూపిస్తే తెరుచుకుంటుంది, కానీ పాలవేళకి, లేదా మన పిల్ల గడి ఎర్రబడినప్పుడు మాత్రమే. పిల్ల నవ్వుతుంటే తల్లికి లోపల పనేముంటుందని.

ఆ రోజు పొద్దున ఎత్తుకున్నప్పుడే బుంగ మెడ కింద కొంచెం వెచ్చగా అనిపించింది. నాకు ఎప్పుడూ వెచ్చగానే అనిపిస్తుందని మా అత్తయ్య వెక్కిరిస్తుంది, అందుకని రెండుసార్లు ముట్టుకుని చూశాను. అంతగా లేదు. పని మానేస్తే ఉద్యోగం ఊడుతుంది. ఆయమ్మ చేతికిస్తూ చెప్పాను.

"ఆయమ్మా, దీని ఒళ్లు చూస్తూ ఉండు. వేడెక్కితే వెంటనే నాకు చెప్పు. మందు నా దగ్గరే ఉంది."

"చెబుతాలే. పోయి కుట్టుకో. నీ మొహం చూస్తే దానికే జ్వరం వచ్చేట్టుంది."

ఆరోజు లారీకి సరుకెక్కించాలని పాలవేళ వెనక్కి జరిపారు. నేను ఒక గలీబు కుట్టడం, గోడ చూడటం. ఇంకోటి కుట్టడం, గోడ చూడటం. బుంగ నవ్వుతోంది. మళ్లీ చూశాను, నవ్వుతోంది. దాని ఫోటోలో మూతి ముడుచుకునే ఉంది. పక్కన ఆ పసుపుది పళ్లికిలిస్తోంది. ఏడుపు మొహం కనిపించినా అంత భయం వేసేది కాదేమో. నేను లేచి గడియారం దగ్గరికి వెళ్లాను.

"సార్, ఒక్కసారి పిల్లని చూసొస్తాను. పొద్దున ఒళ్లు వెచ్చగా ఉంది."

ఆయన మణికట్టు చూసుకుని, వేలు గోడవైపు చూపించాడు. "నవ్వుతోంది కదమ్మా."

"అది నవ్వదు సార్."

"అదిగో, కనిపిస్తుంటే!"

"మీకు కనిపించేది నా కూతురు కాదు సార్. బొమ్మ."

"ఇదిగో, నీ ఒక్కదాని అనుమానానికి లైనంతా ఆగాలా? అంతగా ఉంటే గడి ఎర్రబడుతుంది. వెళ్లి కూర్చో."

నేను కూర్చోలేదు. తిన్నగా తలుపు దగ్గరికి వెళ్లి కార్డు పెట్టాను. తలుపు మీది చిన్న తెర మీద అదే మొహం వెలిగింది. కింద అక్షరాలు: "మీ బేబీ హ్యాపీగా ఉంది! పాలవేళకి రండి." మళ్లీ పెట్టాను. మళ్లీ అదే. నా నోట్లో నీళ్లూరాయి, కక్కుకునే ముందు ఊరతాయే, అలా. ఒక తల్లికీ తలుపుకీ మధ్య నిలబడి ఇంత తియ్యగా నవ్వగలిగేది ఇంకేదైనా ఉందా లోకంలో?

అప్పుడే అనిపించింది, ప్లైవుడ్ వెనక ఏదో చప్పుడు. మెషీన్ల హోరులో అది నా భ్రమో నిజమో తెలియలేదు. పరిగెత్తుకెళ్లి చెక్కకి చెవి ఆనించాను.

"అక్కా! మెషీను ఆపు!" అని అరిచాను.

బాబిన్ అక్క నా మొహం చూసి ఇంకేం అడగలేదు. కాలు తీసేసింది. పక్కామె ఆపింది, ఆ పక్కామె ఆపింది. ఆ షెడ్డు అంత నిశ్శబ్దంగా ఉండటం నేనెప్పుడూ వినలేదు. ఆ నిశ్శబ్దంలో డబ్, డబ్, డబ్. ఊచలు కావు గనుక టంగుమనడం లేదు. చెక్కమీద గరిటె.

తలలన్నీ అలవాటుగా లేచాయి. ఎవరి పిల్లో చూపించడానికి కిటికీ లేదు. అందరూ గోడవైపు చూశారు. గోడనిండా నవ్వులే.

"ఎవరి పిల్లే?" అంది బాబిన్ అక్క. ఆమెకీ సన్నాయి ఉన్నాడు లోపల.

"నాదే," అన్నాను. నాకెలా తెలుసని అడగొద్దు.

షెడ్డు అవతలి చివర సరుకెక్కించే షట్టరు ఉంది. అక్కడ కటింగ్ మాస్టారు గుడ్డ థాన్లు లెక్కపెట్టిస్తున్నాడు. నేను సంచి పట్టుకుని అటు పరిగెత్తాను. గడియారం వెనకాల "పాస్ లేకుండా ఎవరూ బయటికి పోకూడదు" అని కేకలు పెడుతున్నాడు.

"పాసు నా నెత్తిన రాసుకో!" అని మాస్టారు షట్టరు పైకి లేపాడు. "వంగు తల్లీ, వంగి పో."

బయటి గోడ చుట్టూ తిరిగి, చెత్త డబ్బాల పక్కనుంచి పిల్లల గది వెనక తలుపు తోసుకుని వెళ్లాను. ఆయమ్మ నేలమీద కూర్చుని ఉంది. ఒళ్లో బుంగ. పక్కకి తిప్పి పట్టుకుంది, నుదుటిమీద తడిగుడ్డ ఉంది. నా కూతురి కళ్లు పైకి పోయి ఉన్నాయి. చేతులు కొట్టుకుంటున్నాయి. ఆయమ్మ ఒక చేత్తో దాన్ని అదిమి పట్టుకుని ఇంకో చెయ్యి చాచి కూర్చున్నచోటినుంచే గరిటెతో ప్లైవుడ్‌ని కొడుతోంది. మిగతా పిల్లలు గోడకంటుకుని ఏడుస్తున్నారు. వాళ్లందరి మధ్య పలక ఇంకో పిల్ల ఫోటో చూపిస్తూ ఐస్ బండి పాట పాడుతోంది.

"చెప్పానే," అంది ఆయమ్మ. నేను ఆమెని అంతవరకు ఏడవగా చూడలేదు. "దానికి అన్నీ చెప్పాను. ఏడుపు నొక్కా. ఎప్పటినుంచో చెప్పా. తినలేదని చెప్పా. వేడి ఎంతో అంకె వెయ్యమంటుంది. థర్మామీటరు పెడితే ఇది ఉంచుకోదాయె. తర్వాత ఫోటో అంది. ఫోటో తీస్తుంటే బిగుసుకుపోయింది. పలక వదిలేశా. మళ్లీ మొదటినుంచి అడుగుతూ కీచుమంటుంటే... ఇక నవ్వు కొట్టి పడేశానే. దాని నోరు మూయించాలనే, తల్లీ. ఇంకేం లేదు."

మాస్టారి స్కూటరు మీద ఆసుపత్రికి పోయాం. దారిలోనే ఫిట్స్ ఆగి బుంగ నిద్రలోకి జారింది. డాక్టరమ్మ చూసి, ప్రమాదం లేదంది. సాయంత్రానికి లేచి నా మొహంలోకి చూసి మూతి ముడిచింది. ఆ బుంగమూతి చూసి నేను ఆసుపత్రి బల్లమీదే కూలబడి ఏడ్చాను.

తర్వాత ఆ పలక చేసిన కంపెనీనుంచి ఒక అబ్బాయి వచ్చాడు. మెత్తటి బూట్లు వేసుకుని, వాటికి మరకంటకుండా పిల్లల గదిలో మునివేళ్లమీద నడిచాడు. మర్యాదస్తుడే, అందర్నీ "అండి" అనే పిలిచాడు.

"విడుదల చేసేముందు మేం బాగా పరీక్షించామండి," అన్నాడు.

"ఎవరితో?" అని అడిగింది బాబిన్ అక్క.

"మా ఆఫీసులోనే ఒక గదిలో. ఊయలలు పెట్టి, పిల్లల్ని పెట్టి..."

"పిల్లల్నా?"

"అంటే... బొమ్మల్నండి."

ఆయమ్మ లేచి సన్నాయిని తీసి అతని చంకలో పెట్టింది. సన్నాయి వెంటనే రాగం అందుకుని అతని కళ్లజోడు లాగాడు. ఆయమ్మ పలక అతని ముందు పెట్టింది. పాట మొదలైంది. అతను ఒక చేత్తో కళ్లజోడు కాపాడుకుంటూ, ఇంకో చేత్తో పిల్లాణ్ణి జారకుండా పట్టుకుంటూ కాసేపు తంటాలు పడ్డాడు. చివరికి చిటికెనవేలితో నవ్వు నొక్కాడు.

"వీడు ఏడుస్తుంటే నవ్వు నొక్కావేం బాబూ?" అంది అక్క.

"అరుస్తోందండీ మరి," అన్నాడు అతను. అన్నాక తనకే నవ్వొచ్చింది. మేమూ నవ్వాం. ఆ ఒక్క క్షణం నాకు ఆశ కలిగిందని ఒప్పుకుంటాను. విషయం అతనికి అందిందనుకున్నాను.

వెళ్లేముందు నాకు తన ఫోను చూపించాడు. "ఈ స్క్రీన్‌తో మీ అనుభవం ఎలా ఉంది? ఒకటి ఎంచుకోండి." ఫోనులో వరసగా మొహాలు. అవే మొహాలు. చెవులదాకా నవ్వే దగ్గర్నుంచి కళ్లనీళ్లు పెట్టుకునే దాకా.

"వాంతి చేసుకునే మొహం ఉందా?" అని అడిగాను.

అతను వెటకారమనుకోలేదు. "లేదండి. కానీ మంచి సూచన," అని టకటకా రాసుకున్నాడు. తర్వాత, నన్ను ఊరడించాలనుకున్నాడేమో, "ఇవే మొహాలు ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకి కూడా పెట్టెల్లో పెట్టి ఇస్తున్నామండి. పొద్దున్నే ఒక్క నొక్కు. వాళ్లవాళ్ల ఫోనులకి వెళ్లిపోతుంది. అక్కడ ఒక్క ఫిర్యాదు కూడా లేదు," అన్నాడు.

ఫిర్యాదు చెయ్యడానికి ఎన్ని నొక్కులు నొక్కాలో నేను అడగలేదు.

కొన్నాళ్లకి పలకలో మార్పులొచ్చాయి. పసుపు రంగు చూస్తే కళ్లకి అలసటట, అందుకని మొహాల అంచులకి ఆకుపచ్చ పూశారు. నవ్వు నొక్కగానే ఇంకో ప్రశ్న వస్తుంది: "నిజంగా నవ్వేనా?" అవును అని ఇంకోసారి నొక్కాలి. ఏడుపు మొహం వెనక ఉన్న ప్రశ్నలు అలాగే ఉన్నాయి. ఇంకో ఫోటో కూడా అడుగుతుందట. కిటికీ తెరవండి అని మేం అడిగితే, అది స్క్రీన్‌కి సంబంధించిన విషయం కాదన్నారు.

మేనేజరు ఆయమ్మని పిలిచి, పలకలో అంతా రికార్డయి ఉందన్నాడు. పిల్లకి ఫిట్స్ వస్తున్న సమయంలో నవ్వు నొక్కింది ఆమె వేలే. వస్తువులో లోపం లేదు, వాడకంలో పొరపాటు ఉంది. రేపటినుంచి రానక్కర్లేదు.

నేను వెళ్లి చెప్పాను. నా కూతురు బతికి ఉందంటే ఆ గరిటె వల్లే అని చెప్పాను. మేనేజరు శ్రద్ధగా విన్నట్టు తలూపాడు. "నీ బాధ అర్థమైందమ్మా," అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన పెదాలు రెండు పక్కలకీ సాగాయి. ఆ సాగడం ఎక్కడ చూశానో నాకు తెలుసు. ఇంటికెళ్లి సబ్బుతో మొహం కడుక్కున్నాను, నా మొహానికేదో అంటినట్టు.

ఆయమ్మ గుడ్డసంచీలో పొడుం డబ్బా, గరిటె వేసుకుని వెళ్లిపోయింది. గరిటె కంపెనీదని గడియారం అనబోతే, కటింగ్ మాస్టారు కత్తెర చేతిలోకి తీసుకుని ఊరికే ఆయనవైపు చూశాడు. గరిటె ఆయమ్మతోనే పోయింది.

నేనూ పని మానేశాను. మా ఆయనకి వేరే ఊళ్లో లారీ పని దొరికితే సామాను కట్టుకుని దూరం వచ్చేశాం. వచ్చేముందు ఆయమ్మని చూడటానికి వెళ్లాను. ఆరోగ్య కేంద్రంవాళ్లు అప్పుడే ఆమె మంచం పక్కన ఒక తెల్ల పెట్టె బిగించి పోయారు. ఒంటరిగా ఉండే ముసలివాళ్లకి ఉచితమట. నేను గుమ్మంలో ఉండగానే అది పాట పాడింది. ఐస్ బండి పాట.

"నీ నంబరే ఇచ్చానే," అంది ఆయమ్మ. "మీవాళ్ల నంబరు చెప్పమన్నారు. నాకెవరున్నారు? ఇచ్చేశా. తిట్టకు."

"తిట్టనులే. కానీ ఆయమ్మా, ఒంట్లో బాగోకపోతే ఏడుపు నొక్కుతావా?"

"ఎందుకు నొక్కనూ," అంది. అంటూనే చూడకుండా బొటనవేలితో నవ్వు కొట్టింది. పెట్టె నోరు మూసుకుంది.

అప్పటినుంచి రోజూ పొద్దున్నే నా ఫోనుకి ఆ మొహం వస్తుంది. బుంగకి పాలు కలుపుతుంటే వస్తుంది, ఇల్లు ఊడుస్తుంటే వస్తుంది. "మీ ఆయమ్మ హ్యాపీగా ఉంది!" మొదట్లో నేను ఫోను చేస్తే ఆమే ఎత్తి తిట్టేది. "మళ్లీ నువ్వేనా? నీకు పనేం లేదా? ఆ ముడుచుకున్నది ఏం చేస్తోంది?" తర్వాత దగ్గుతూ తిట్టేది. తర్వాత దగ్గే ఎక్కువ, తిట్లు తక్కువ. ఇప్పుడు ఎత్తడం లేదు. మొహం మాత్రం ఈరోజు కూడా వచ్చింది. ఆకుపచ్చ అంచుతో, పళ్లన్నీ చూపిస్తూ.

ఆరోగ్య కేంద్రానికి ఫోను చేశాను. "బాగానే ఉన్నారమ్మా, రోజూ నవ్వు వస్తోందిగా," అన్నారు. బాబిన్ అక్కకి చెబుదామంటే ఆమె కూడా పని మారి ఎక్కడికో వెళ్లిపోయింది. మా ఆయన లారీతో ఎక్కడో ఉన్నాడు. బుంగకి నిన్నటినుంచి ఒళ్లు వెచ్చగా ఉంది. ఈసారి నా చేతికి మాత్రమే కాదు, థర్మామీటరుకి కూడా వెచ్చగానే ఉంది. దాన్ని వదిలి కదల్లేను, ఎత్తుకుని అంతదూరం పోలేను. ఆయమ్మ జ్వరంలో పడుకుని కూడా ఆ పాటని భరించలేక చెయ్యి చాచి ముందు దాని నోరే మూయిస్తుందని నాకు తెలుసు.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. బస్సుల షెడ్డు వెనక సందులో చెప్పులు కుట్టే దుకాణం ఉంది. దాని పక్కన ఇనుప మెట్లు. పైన నీలం తలుపు. మీరు అటువైపు పోతుంటే ఒక్కసారి ఆ మెట్లెక్కండి. బస్సుల రొదలో చేత్తో కొడితే ఆమెకి వినపడదు. ఏదైనా గట్టిది తీసుకుని తలుపు గొళ్లెం మీద కొట్టండి. ఆమె బాగుంటే లోపలినుంచి మిమ్మల్ని తిడుతుంది, పట్టించుకోకండి. తిట్టకపోతే తలుపు తోసుకుని లోపలికి వెళ్లండి. మంచం పక్కన పెట్టె నవ్వుతూ ఉంటుంది. దాన్ని చూసి వెనక్కి తిరిగి రాకండి. ఆమె నుదుటిమీద చెయ్యి పెట్టి చూడండి.